చిత్రహింసకు జవాబు అడగడం ఎలా: క్వేకర్ పద్ధతిలో స్థానిక కార్యాచరణ

“చిత్రహింస అంటే సీఐఏ వ్యవహారం, వాషింగ్టన్ వ్యవహారం. మా ఊళ్లో పదిమందిమి కూర్చుని ఏం చేయగలం?” మౌన ప్రార్థనకూ అహింసకూ పేరుపడ్డ క్రైస్తవ శాఖ క్వేకర్లు. వాళ్ల పని గురించి అడిగేవాళ్లలో ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. ఈ మార్గదర్శి ఆ పదిమంది కోసం.

ఉదాహరణగా అమెరికాలోని నార్త్ కరోలైనా రాష్ట్రాన్ని తీసుకున్నాం. స్మిత్‌ఫీల్డ్ అనే చిన్న ఊరి దగ్గర జాన్‌స్టన్ కౌంటీ విమానాశ్రయం ఉంది. సీఐఏ పట్టుకున్న మనుషుల్ని రహస్య జైళ్లకు చేరవేసిన విమానాలను నడిపిన ఏరో కాంట్రాక్టర్స్ అనే సంస్థ అక్కడి నుంచే పనిచేసింది. 2005 నుంచి క్వేకర్లు, ఇతర మతాలవాళ్లు, ఏ మతమూ పట్టనివాళ్లు కలిసి ఆ ఒక్క సంస్థనే పట్టుకుని ఏళ్ల తరబడి పనిచేశారు. తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే కేరీ, మోరిస్‌విల్‌ల నుంచి ఆ విమానాశ్రయం గంటలోపు ప్రయాణం.

ఒక సంగతి ముందే చెప్పాలి. నార్త్ కరోలైనాలో ఈ విమానాల విషయంలో ఎవరి మీదా క్రిమినల్ విచారణ జరగలేదు. ఆరు నెలల్లో ఎవర్నో జైలుకు పంపాలన్న లెక్కతో దిగేవాళ్లకు ఈ పద్ధతి సరిపడదు. నిజాలను చెరిపేయలేని విధంగా ప్రజా రికార్డులోకి ఎక్కించడం ఇందులో మొదటి పని. కోర్టు తలుపు ఎప్పుడు తెరుచుకున్నా లోపలికి పట్టుకెళ్లేది ఆ రికార్డునే.

## 1. ఏది చిత్రహింసో ముందు తేల్చుకోండి

ఐక్యరాజ్యసమితి చిత్రహింస వ్యతిరేక ఒప్పందం 1984లో ఆమోదం పొంది, 1987 జూన్ 26న అమల్లోకి వచ్చింది. దాని 1వ అధికరణం ప్రకారం నాలుగు అంశాలు చూడాలి:

- తీవ్రమైన బాధ, శారీరకమైనా మానసికమైనా
- కావాలని చేసినది
- ఒక ప్రయోజనం కోసం: సమాచారం రాబట్టడం, నేరం ఒప్పించడం, శిక్షించడం, భయపెట్టడం, వివక్ష
- ప్రభుత్వ అధికారి చేసినది, చేయించినది, లేదా తెలిసి ఊరుకున్నది

నాలుగోది తరచూ మరిచిపోతారు. ప్రైవేటు కంపెనీ విమానం నడిపినా, వెనక ప్రభుత్వం ఉంటే ఈ నిర్వచనం వర్తిస్తుంది. 4వ అధికరణం సహకరించినవారినీ నేరస్థుల్లోనే కలుపుతుంది. స్థానిక కార్యాచరణకు ఆధారం ఈ మాటే.

2వ అధికరణాన్ని కాగితం మీద రాసి గోడకు అంటించుకున్నా తప్పులేదు. యుద్ధం, ఎమర్జెన్సీ, పైఅధికారి ఆజ్ఞ, వీటిలో ఏదీ చిత్రహింసకు సాకు కాదని అది చెబుతుంది. “టైం బాంబు టిక్‌టిక్‌మంటుంటే ఏం చేస్తారు?” అని సభలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఊహాలోకపు చర్చలోకి దిగకండి. ఈ అధికరణం చదివి, మీ కౌంటీలో ఏం జరిగిందన్న విషయానికి తిరిగి వచ్చేయండి.

## 2. సభలో కన్సర్న్ పెట్టడం, మినిట్ రాయించడం

క్వేకర్ సభల్లో ఓటింగ్ ఉండదు. అందరూ మౌనంగా కూర్చుంటారు, ఒకరు మాట్లాడాక కాస్త మౌనం, తర్వాత మరొకరు. సభ ఎటు మొగ్గుతోందో గమనించి, సభ నడిపే క్లర్క్ దాన్ని మాటల్లో పెడతారు. ఆ రాతనే మినిట్ అంటారు. మీరు క్వేకర్ కాకపోయినా ఆదివారం మౌనారాధనలో కూర్చోవచ్చు, కన్సర్న్ (ఏదో ఒకటి చేయాలని మనసును పట్టి కదిలించే విషయం) గురించి సభ్యులతో మాట్లాడవచ్చు. నిర్ణయాల సభకు వెళ్లాలంటే మాత్రం ముందు క్లర్క్‌ను అడగండి.

క్రమం ఇది:

1. మీ మనసులో ఉన్నదాన్ని ఒక పేజీలో రాసి క్లర్క్‌కు ఇవ్వండి.
2. నలుగురైదుగురితో క్లియర్‌నెస్ కమిటీ అడగండి. రెండు గంటలు కేటాయించండి. వాళ్లు సలహా ఇవ్వరు, ప్రశ్నలు మాత్రమే అడుగుతారు. “దీనికి వారానికి ఎన్ని గంటలు ఇవ్వగలవు?” “అరెస్టయితే ఇంట్లో ఎవరు చూసుకుంటారు?” లాంటి ప్రశ్నలకు ఇక్కడే తడబడటం మంచిది.
3. భిన్నాభిప్రాయాలు గట్టిగా ఉంటే నిర్ణయం లేని సభ ఒకటి విడిగా పెట్టండి. అక్కడ అందరూ మాట్లాడి, తీర్మానం చేయకుండా లేవాలి.
4. తర్వాతి నెల సభలో ముసాయిదా మినిట్ పెట్టండి.

చెడిన మినిట్ ఇలా ఉంటుంది: “ప్రపంచవ్యాప్తంగా జరుగుతున్న చిత్రహింసను మా సభ తీవ్రంగా ఖండిస్తోంది.” దాన్ని చదివిన ఎవరికీ చేయాల్సిన పని ఒక్కటీ కనబడదు. పనికొచ్చే మినిట్ ఇలా ఉంటుంది:

“మా కౌంటీ విమానాశ్రయం ప్రజల ఆస్తి. అక్కడి నుంచి మనుషుల్ని చిత్రహింసకు చేరవేశారన్న ఆధారాలు మా ముందున్నాయి. విమానాశ్రయ పాలకమండలి ఈ లీజుపై బహిరంగ విచారణ జరపాలని కోరుతున్నాం. ముగ్గురు సభ్యుల కమిటీ ఈ పని చూస్తుంది, మూడు నెలలకోసారి సభకు నివేదిస్తుంది.”

స్థలం, కోరిక, బాధ్యత, గడువు నాలుగూ ఉన్నాయి. ఇలాంటి మినిట్‌నే పై స్థాయి సభలైన త్రైమాసిక సభకు, వార్షిక సభకు పంపగలం.

సభలో ఒక్కరు ఒప్పుకోకపోతే? “నాకు నచ్చలేదు, కానీ అడ్డుపడను” అని వాళ్లు పక్కకు తప్పుకోవచ్చు, దాన్ని మినిట్‌లో రాస్తారు. పూర్తిగా అడ్డుపడితే బలవంతంగా లాగకండి. ఆ నెల మినిట్ వాయిదా వేసి, వాళ్ల అభ్యంతరాన్ని రాసుకోండి. ఆ అభ్యంతరమే రేపు కౌంటీ సమావేశంలో మీకు ఎదురవుతుంది.

## 3. స్థానిక పట్టు వెతకండి

ఈ అంచెకు తొందరపడకండి. ఇక్కడ నెల రోజులు పెట్టినవాళ్లకు తర్వాత ఏడాది కలిసొస్తుంది.

మీ జిల్లాలో, కౌంటీలో, రాష్ట్రంలో చిత్రహింసకు ముడిపడ్డ ఒక సంస్థనో, స్థలాన్నో, వృత్తినో గుర్తించి దాని గురించి ఈ ప్రశ్నలు వేయండి:

- స్థలం ఎవరిది? లీజు ఎవరిచ్చారు? ఎప్పుడు ముగుస్తుంది?
- లైసెన్సు ఎవరిస్తారు?
- డబ్బు ఎటు నుంచి వస్తోంది? రాష్ట్ర గ్రాంట్లు, పన్ను రాయితీలు ఉన్నాయా?
- ఆ పాలకమండలిని ఎవరు నియమిస్తారు? వాళ్ల సమావేశం ఎప్పుడు? అక్కడ ప్రజలు మాట్లాడవచ్చా?

స్మిత్‌ఫీల్డ్‌లో విమానాశ్రయం కౌంటీది. అదే రాష్ట్రంలోని కిన్‌స్టన్‌లో ఏరో వాడుకున్న హ్యాంగర్ (విమానాల షెడ్డు) గ్లోబల్ ట్రాన్స్‌పార్క్‌లో ఉంది, అది రాష్ట్ర ప్రభుత్వ సంస్థ. అంటే ఒక రహస్య కార్యక్రమానికి కౌంటీలో ఒక తలుపు, రాష్ట్ర రాజధాని రాలీలో మరో తలుపు దొరికాయి. సీఐఏ ప్రధాన కార్యాలయం గేటు ముందు నిలబడితే ఈ రెండూ దొరికేవి కావు.

మీ దగ్గర విమానాలు లేకపోతే ఒంటరి నిర్బంధం చూడండి. 2015 నాటి నెల్సన్ మండేలా నియమాల ప్రకారం వరసగా 15 రోజులు దాటిన ఒంటరి నిర్బంధం నిషిద్ధం. అమెరికాలో దాదాపు ప్రతి రాష్ట్రంలో జైలు ఒక స్థానిక పట్టే. క్వేకర్ల సేవాసంస్థ అయిన అమెరికన్ ఫ్రెండ్స్ సర్వీస్ కమిటీ ఈ విషయంలో దశాబ్దాలుగా పనిచేస్తోంది. కొత్తగా మొదలుపెట్టే ముందు వాళ్లను అడగండి.

## 4. ఆధారాలు: కాగితం, నంబరు, తేదీ

విమానాల విషయంలో కొత్తవాళ్లు పొరబడే చోటు తోక మీది నంబరు. రిజిస్ట్రేషన్ మారగానే ఆ నంబరూ మారిపోతుంది. ఏరో నడిపిన గల్ఫ్‌స్ట్రీమ్ జెట్ మొదట ఎన్379పీ, తర్వాత ఎన్8068వీ, ఆ తర్వాత ఎన్44982. బోయింగ్ 737 ఎన్313పీ కాస్తా ఎన్4476ఎస్ అయింది. తోక నంబరుతో మాత్రమే వెతికితే విమానం మాయమైపోయినట్టు కనిపిస్తుంది. తయారీదారు ఇచ్చిన సీరియల్ నంబరు మారదు. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ రిజిస్ట్రీలో దానితో వెతకండి, ప్రతి ఎంట్రీలోనూ దాన్ని రాయండి.

ఒక ప్రయాణాన్ని రుజువు చేయడానికి మూడు వేర్వేరు మూలాలు కావాలి: విమాన లాగ్, దిగిన దేశపు రికార్డు, బాధితుడి లేదా సాక్షి వాంగ్మూలం. ఖాలిద్ ఎల్-మస్రీ కేసు చూడండి. జర్మన్ పౌరుడైన ఆయన్ను వేరే మనిషి అనుకుని మాసిడోనియాలో పట్టుకున్నారు. 2004 జనవరి 23న ఎన్313పీ స్పెయిన్‌లోని పాల్మా నుంచి మాసిడోనియా రాజధాని స్కోప్యేకు వెళ్లి, ఆయన్ను ఎక్కించుకుని బాగ్దాద్ మీదుగా మర్నాడు కాబూల్ చేరింది. ఆయన చెప్పిన తేదీలూ లాగ్‌లూ సరిపోయాయి. అమెరికా కోర్టులు రాజ్య రహస్యాల పేరుతో ఆయన కేసు కొట్టేశాయి. యూరప్ మానవ హక్కుల కోర్టు మాత్రం 2012 డిసెంబరు 13న మాసిడోనియా బాధ్యురాలేనని తేల్చి 60,000 యూరోల పరిహారం ఇమ్మంది. ఆ తీర్పులో విమాన లాగ్‌లు ఆయన మాటకు బలమిచ్చాయి.

రికార్డులు అడిగేటప్పుడు:

- కేంద్ర సంస్థలకు ఎఫ్‌ఓఐఏ (అమెరికా సమాచార హక్కు చట్టం) దరఖాస్తు. జవాబుకు గడువు 20 పనిదినాలు, ఆలస్యం మామూలే. తిరస్కరిస్తే అప్పీలుకు కనీసం 90 రోజులు ఉంటాయి. ఆ తేదీని క్యాలెండర్‌లో ఆ రోజే రాసుకోండి.
- “ఉందని గానీ లేదని గానీ చెప్పలేం” అన్న జవాబు వస్తే అది తిరస్కరణే. అప్పీలు చేయండి, ఆ ఉత్తరాన్నీ ఫైల్లో పెట్టండి.
- రాష్ట్ర, కౌంటీ రికార్డులకు రాష్ట్ర చట్టం వాడండి. నార్త్ కరోలైనాలో ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కర్లేదు. లీజు కాగితాలు, భవన అనుమతులు, పాలకమండలి మినిట్స్, గ్రాంటు దరఖాస్తులు అన్నీ ఇక్కడే దొరుకుతాయి.
- “ఏరోకు సంబంధించిన సమస్తం” అని అడగొద్దు. సంవత్సరం, కాగితం రకం, కార్యాలయం పేరు రాయండి.

ప్రతి ఆధారం పక్కన ఒక అక్షరం వేసుకోండి. ప్రభుత్వ పత్రం, కోర్టు తీర్పు అయితే ‘అ’. రెండు స్వతంత్ర మూలాలుంటే ‘ఆ’. ఒకే మూలమైతే ‘ఇ’. కరపత్రంలోకి ‘అ’, ‘ఆ’ మాత్రమే వెళ్లాలి. ఒక్క ‘ఇ’ తప్పని తేలితే మీ మిగతా ‘అ’లను కూడా ఎవరూ నమ్మరు.

సీఐఏ నిర్బంధం, విచారణలపై అమెరికా సెనేట్ ఇంటెలిజెన్స్ కమిటీ నివేదిక సారాంశం 2014 డిసెంబరు 9న బయటికొచ్చింది. పూర్తి నివేదిక 6,700 పేజీలకు పైనే, అది ఇప్పటికీ రహస్యం. సారాంశం మాత్రం ఎవరైనా చదవొచ్చు. మొదటి ‘అ’ అక్కడి నుంచే తీసుకోండి.

## 5. బాధితుల విషయంలో

సభకు జనం రావాలని బాధితుణ్ని పిలవడం తప్పు. ఆయన మాట్లాడదలచుకుంటే వేదిక ఇవ్వడం మన పని.

- సమ్మతిని రాతపూర్వకంగా, ఆయన భాషలో తీసుకోండి. పేరు, ఫొటో, వీడియో, అనువాదం, ఆన్‌లైన్‌లో ఉంచడం: ఒక్కొక్కటికీ విడిగా.
- “ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు” అని చెప్పడమే కాదు, ఎవరికి ఫోన్ చేసి చెప్పాలో కూడా కాగితంలో ఉండాలి.
- దుబాసీ బాధితుడి ఊరివాడో బంధువో కాకూడదు.
- ఒంటి మీది గుర్తులు చూపించమని, “అప్పుడెలా అనిపించింది” అని అడగొద్దు. వైద్య ఆధారం కావాలంటే ఇస్తాంబుల్ ప్రోటోకాల్ (చిత్రహింస గుర్తులను పరీక్షించి నమోదు చేసే ఐరాస మార్గదర్శకం) తెలిసిన డాక్టరు దగ్గరకు పంపండి. ఆ పత్రం 1999 నాటిది, 2022లో సవరించారు.
- మాట్లాడిన రాత్రి, మర్నాడు ఆయన పక్కన ఎవరుంటారో ముందే తేల్చండి.

సీఐఏ విమానాల్లో తీసుకెళ్లినవాళ్లలో అత్యధికులు ముస్లింలు. మీ ఊరి మసీదు కమిటీని ముసాయిదా అంతా అయ్యాక “మద్దతు సంతకం” కోసం కాకుండా మొదటి సమావేశానికే పిలవండి. నిఘా భయంతో వాళ్లు రాలేమంటే ఒత్తిడి చేయకండి.

## 6. మౌన నిరసన

విమానాశ్రయం గేటు దగ్గర ప్లకార్డులతో మౌనంగా నిలబడటం తేలికైన పనే అనిపిస్తుంది. చెడేది చిన్న విషయాల్లో.

ముందుగా: పబ్లిక్ రోడ్డు హద్దు ఎక్కడో కౌంటీ మ్యాపులో చూసుకోండి. షెరీఫ్ కార్యాలయానికి తెలియజేయండి. పోలీసుతో మాట్లాడేది ఒక్కరే, విలేకరితో మాట్లాడేది ఇంకొక్కరే. ప్లకార్డు మీద ఏడు మాటలు దాటొద్దు. కారు వేగంలో ఎనిమిదో మాట చదవలేరు.

అక్కడ: గంట చాలు. ఉద్యోగుల కార్ల నంబర్లు ఫొటో తీయొద్దు. పేర్లు పిలవొద్దు. ఇళ్ల దగ్గరికి అసలు వెళ్లొద్దు. పైలట్ కూడా మీ పిల్లలు చదివే బడిలోనే తన పిల్లల్ని చదివిస్తూ ఉండొచ్చు. ఎదుటివాడిలోనూ దైవాంశ ఉందన్న క్వేకర్ నమ్మకాన్ని పక్కన పెట్టినా, లోపలి మనిషి ఒకరోజు నోరు విప్పాలంటే మీ మీద ద్వేషం ఉండకూడదు కదా.

జైలు విషయమైతే ఇంకో పద్ధతి ఉంది. చర్చి హాల్లోనో లైబ్రరీలోనో నేల మీద టేపుతో 6 అడుగుల వెడల్పు, 9 అడుగుల పొడవు గీయండి. ఒంటరి గది సుమారుగా అంతే ఉంటుంది. లోపల మంచం, మరుగు స్థలాన్ని కూడా టేపుతో గీస్తే నడవడానికి మిగిలేది రెండు మూడు అడుగులు. వచ్చినవాళ్లు పది నిమిషాలు ఫోన్ లేకుండా అందులో కూర్చోవాలి. “ఇక్కడ జైలు గదిని పోలిన ఏర్పాటు ఉంది” అని తలుపు దగ్గరే రాసిపెట్టండి, జైల్లో ఉండి వచ్చినవాళ్లు ఊహించకుండా లోపలికి రాకూడదు.

అరెస్టుకు సిద్ధపడే చట్టోల్లంఘన వేరే నిర్ణయం, వేరే సభ. హెచ్1బీ, ఎఫ్1 వీసాల మీద ఉన్న తెలుగువాళ్లు దీనికి దూరంగా ఉండటమే మంచిది. నేరం రుజువు కాకపోయినా అరెస్టు రికార్డు వీసా రద్దుకు, స్టాంపింగ్‌లో చిక్కులకు దారితీయవచ్చు. రికార్డుల పరిశోధన, అనువాదం, కౌంటీ సమావేశంలో మాట్లాడటం లాంటి పనుల్లో అలాంటి చిక్కు లేదు.

## 7. ఎన్నికైనవాళ్ల దగ్గర

కౌంటీ సమావేశాల్లో ప్రజలకు సాధారణంగా మూడు నిమిషాలు ఇస్తారు. మూడు నిమిషాలంటే తెలుగులోనైనా ఇంగ్లిషులోనైనా ఒక పేజీ దాటదు. ఇంట్లో గడియారం పెట్టుకుని చదవండి. ఐదుగురు వెళ్తే ఐదుగురూ ఒకటే చెప్పకండి: ఒకరు లీజు, ఒకరు చట్టం, ఒకరు బాధితుడి కథ, ఒకరు పన్ను డబ్బు, చివరివారు కోరిక.

అమెరికా కాంగ్రెస్ (పార్లమెంటు) సభ్యులతో మాట్లాడటానికి క్వేకర్ల లాబీయింగ్ సంస్థ ఎఫ్‌సీఎన్‌ఎల్ ఉంది, 1943 నుంచి వాషింగ్టన్‌లో పనిచేస్తోంది. 2015 జూన్‌లో సెనేట్ 78-21 ఓట్లతో ఆమోదించిన మెకెయిన్-ఫైన్‌స్టైన్ సవరణ కోసం పనిచేసిన సంస్థల్లో అదొకటి. ప్రభుత్వ సంస్థలన్నీ విచారణలో సైన్యపు మాన్యువల్‌కే కట్టుబడాలని, రెడ్‌క్రాస్‌కు ఖైదీల సమాచారం వెంటనే ఇవ్వాలని ఆ సవరణ చెప్పింది.

ఒక భేటీకి కావలసినవి:

- రెండు మూడు వారాల ముందు అపాయింట్‌మెంట్, ఆ నియోజకవర్గపు కార్యాలయంలో
- నలుగురు నుంచి ఆరుగురు. కనీసం ఇద్దరు ఆ నియోజకవర్గం ఓటర్లు
- ఒకే పేజీ, ఒకే కోరిక, బిల్లు ఉంటే దాని నంబరు
- కలిసేది సిబ్బందిని అయినా చిన్నచూపు వద్దు, ఫైలు నడిపేది వాళ్లే
- మర్నాడు కృతజ్ఞత లేఖ, అడిగిన సమాచారం జతచేసి

సభ పన్ను మినహాయింపు ఉన్న సంస్థ అయితే ఏ అభ్యర్థినీ బలపరచకూడదు. అమెరికా పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ లేనివాళ్లు ఎన్నికల విరాళాలు ఇవ్వకూడదు. ఈ రెండూ చేర్చి వాలంటీర్లకు ఒక చీటీ ఇవ్వండి.

## 8. ప్రజా విచారణ కమిషన్

ప్రభుత్వం విచారణ జరపనప్పుడు జనమే జరపవచ్చు. నార్త్ కరోలైనాలో అదే చేశారు. చిత్రహింసపై విచారణ కమిషన్ అనే స్వతంత్ర సంస్థ 2017 నవంబరు 30, డిసెంబరు 1 తేదీల్లో రాలీలో బహిరంగ విచారణ జరిపి, 2018 సెప్టెంబరులో నివేదిక ఇచ్చింది. ఏరో నడిపిన విమానాల్లో కనీసం 49 మందిని తరలించారని అందులో తేల్చారు.

ఈ కమిషన్‌కు సమన్లు పంపే అధికారం లేదు. అందుకే దాని బలమంతా మూడింటిలో ఉంటుంది: కమిషనర్లు ఎవరు, పద్ధతి ఎంత పారదర్శకం, నివేదిక ఎంత కచ్చితం.

కమిషనర్లు. ఉద్యమకారులను కూర్చోబెట్టకండి. అంతర్జాతీయ న్యాయం తెలిసినవాళ్లు, మాజీ సైనికాధికారులు లేదా ప్రాసిక్యూటర్లు, మతపెద్దలు, వైద్యులు కావాలి. రెండు పార్టీల వాళ్లూ ఉంటే ఇంకా మంచిది. ఉద్యమ కమిటీ సిబ్బంది సహాయం మాత్రమే చేయాలి, నివేదిక మీద సంతకం కమిషనర్లది.

సాక్షులు. విచారణ అధికారులుగా పనిచేసి చిత్రహింసను వ్యతిరేకించినవాళ్లను వెతకండి. మీరు వంద సార్లు చెప్పినదాన్ని వాళ్లు ఒకసారి చెబితే జనం వింటారు. విదేశాల్లోని బాధితులకు వీసా దొరకదని ముందే లెక్కవేసుకుని వీడియో ఏర్పాటు చేయండి. టైం జోన్ చూసుకోండి, కాబూల్ రాలీ కంటే అమెరికా వేసవి సమయంలో ఎనిమిదిన్నర గంటలు, మిగతా కాలంలో తొమ్మిదిన్నర గంటలు ముందుంటుంది.

ఆరోపణలున్న సంస్థ. దానికి రాతపూర్వక ఆహ్వానం రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. జవాబు రాకపోతే ఆ రసీదు నివేదికలో అనుబంధంగా పెట్టండి. ఈ ఒక్క పని వదిలేస్తే “ఏకపక్షం” అన్న ముద్ర పోదు.

కోర్టు రిపోర్టర్. రెండు రోజుల మాటను అక్షరం పోకుండా రాయించండి. యూట్యూబ్ వీడియో ఎంత బాగున్నా, లాయరు ఉటంకించేది పేజీ నంబరునే.

సిఫార్సులు. కౌంటీకి వేరు, రాష్ట్రానికి వేరు, కేంద్రానికి వేరు. “ప్రభుత్వం చర్య తీసుకోవాలి” అని రాస్తే ఏ ప్రభుత్వమూ తనదనుకోదు.

మొదటి సమావేశం నుంచి నివేదిక దాకా రెండేళ్లకు తక్కువ పట్టదు. డబ్బు ఎక్కువగా పోయేది ప్రయాణాలకు, ట్రాన్స్‌క్రిప్ట్‌కు, ఎడిటింగ్‌కు. పరిశోధనకు మాత్రం విశ్వవిద్యాలయపు లా క్లినిక్‌ను అడగండి. నార్త్ కరోలైనాలో యూఎన్‌సీ (యూనివర్సిటీ ఆఫ్ నార్త్ కరోలైనా) లా విద్యార్థులు, అధ్యాపకులు ఏళ్ల ముందే చట్టపరమైన నివేదికలు తయారుచేసి ఉండటం కమిషన్‌కు పెద్ద ఆసరా అయింది.

## 9. బాధ్యులను నిలదీసే దారులు

క్రిమినల్ కేసు. విదేశంలో జరిగిన చిత్రహింసపై అమెరికాలో 1994 నుంచి కేంద్ర చట్టం ఉంది. వాడింది మాత్రం చాలా అరుదు. నిర్ణయం ప్రాసిక్యూటర్‌ది, మీరు చేయగలిగేది ఆధారాలు పంపడమే.

సివిల్ కేసు. ఎదురయ్యే గోడ రాజ్య రహస్యాల వాదన. ఈ సీఐఏ ప్రయాణాలకు విమాన ప్రణాళికలు అందించిన జెపెసన్ సంస్థపై కేసు 2010లో ఆ వాదన మీదే 6-5 తేడాతో పోయింది. మరోవైపు సీఐఏకు విచారణ పద్ధతులు రూపొందించిన ఇద్దరు సైకాలజిస్టులపై 2015లో వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పోకేన్‌లో వేసిన కేసు 2017 ఆగస్టులో రాజీతో ముగిసే దాకా నడిచింది. మధ్యలో వచ్చిన తేడా సెనేట్ నివేదిక: చాలా నిజాలు అప్పటికే బహిరంగమయ్యాయి. రికార్డు కోసం అంత పట్టుబట్టడం ఇందుకే. ఇరాక్‌లోని అబూ గ్రైబ్ జైలు విషయంలో సీఏసీఐ అనే అమెరికా సైనిక కాంట్రాక్టు సంస్థపై 2008లో వేసిన కేసులో 2024 నవంబరులో జ్యూరీ ముగ్గురు బాధితులకు 4.2 కోట్ల డాలర్లు ఇమ్మంది. పదహారేళ్లు.

వృత్తి లైసెన్సు. డాక్టర్లు, సైకాలజిస్టులు, లాయర్లపై రాష్ట్ర బోర్డుకు ఫిర్యాదు. ఖర్చు తక్కువ, తిరస్కరణ ఎక్కువ. అయినా వృత్తి సంఘం మీద ఒత్తిడి పనిచేస్తుంది. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2015లో తన సభ్యులు జాతీయ భద్రతా విచారణల్లో పాల్గొనడాన్ని నిషేధించింది.

విదేశీ కోర్టులు. 2003లో మిలాన్ వీధిలోంచి ఒక ఇమామ్‌ను ఎత్తుకెళ్లిన కేసులో ఇటలీ కోర్టు 2009లో అమెరికన్లను వారి పరోక్షంలోనే దోషులుగా తేల్చింది. మీ రికార్డును ఇలాంటి కేసుల లాయర్లకు అందించవచ్చు.

ఐక్యరాజ్యసమితి. చిత్రహింస వ్యతిరేక కమిటీ దేశాలను దఫదఫాలుగా సమీక్షిస్తుంది. పౌరసంఘాలు ప్రత్యామ్నాయ నివేదిక పంపవచ్చు. పది పేజీలు దాటితే చదవరనుకోండి, మొదటి పేజీలోనే కమిటీ అడగాల్సిన మూడు ప్రశ్నలు పెట్టండి.

క్వేకర్లు మరణశిక్షకు వ్యతిరేకులు. కూటమి ప్రకటనలో “ఉరి తీయాలి” లాంటి మాట ఉంటే సంతకం పెట్టకండి. సవరించమని అడగండి, ఒప్పుకోకపోతే విడిగా మీ ప్రకటన ఇవ్వండి.

## 10. తరచూ జరిగే పొరపాట్లు, సర్దుబాట్లు

- జూన్ 26 దాకా హడావిడి, జూలైలో నిద్ర. ఆ రోజు చిత్రహింస బాధితులకు మద్దతు దినం, సభ పెట్టండి. కానీ లీజు ఎప్పుడు ముగుస్తుందో అదే మీ అసలు పండగ.
- ఒకే మనిషి మీద భారం. చిత్రహింస వివరాలు రోజూ చదివేవాళ్లు నిద్ర కోల్పోతారు. ఫైళ్లు చదివే పని ఇద్దరిద్దరుగా, వారానికి ఆరు గంటలు మించకుండా పంచండి. ప్రతి ఒక్కరికీ సభ నుంచి తోడుగా ఒకర్ని నియమించండి.
- ఫైళ్లు ఒకే ల్యాప్‌టాప్‌లో. మూడు ప్రతులు, రెండు చోట్ల, ఒకటి కాగితం మీద. బాధితుల సమ్మతి పత్రాలు విడిగా తాళంలో.
- పార్టీ రంగు. ఒక పార్టీ పాలనలో గట్టిగా, మరో పార్టీ పాలనలో మెత్తగా మాట్లాడితే పేరు పోతుంది. చేసిన పనికి రెండు పార్టీల కాలాల తేదీలూ రాయండి.

## 11. ఇక్కడ, మన రాష్ట్రాల్లో అయితే

భారతదేశం ఐరాస చిత్రహింస వ్యతిరేక ఒప్పందంపై 1997 అక్టోబరు 14న సంతకం చేసింది, ఆమోదం మాత్రం ఇంకా తెలపలేదు. చిత్రహింస నివారణ బిల్లు 2010లో లోక్‌సభ దాటినా చట్టం కాలేదు. కాబట్టి పట్టు వేరే చోట వెతకాలి:

- డి.కె. బసు కేసులో 1996 డిసెంబరు నాటి సుప్రీంకోర్టు మార్గదర్శకాలు: అరెస్టు మెమో, బంధువుకు సమాచారం, 48 గంటలకోసారి వైద్య పరీక్ష. స్టేషన్‌లో వీటి అమలును ఒక్కొక్కటిగా నమోదు చేయండి.
- స్టేషన్ సీసీటీవీ: 2020 డిసెంబరు 2 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం 18 నెలలు భద్రపరచాలి, వీలుకాకుంటే కనీసం ఏడాది. ఘటన తెలిసిన రోజే ఫుటేజి భద్రపరచమని లిఖితపూర్వకంగా కోరండి. వారం ఆగితే “కెమెరా పనిచేయలేదు” అన్న జవాబు వస్తుంది.
- కస్టడీ మరణంలో మెజిస్ట్రేట్ విచారణ: బీఎన్‌ఎస్‌ఎస్ (కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) 196. నేరం ఒప్పించడానికి గాయపరచడం: బీఎన్‌ఎస్ (కొత్త శిక్షాస్మృతి) 120.
- అధికారిపై ప్రాసిక్యూషన్ అనుమతి: బీఎన్‌ఎస్‌ఎస్ 218 ప్రకారం 120 రోజుల్లో తేల్చకపోతే ఇచ్చినట్టే లెక్క. దరఖాస్తు తేదీ రసీదు పోగొట్టకండి.
- జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు: ఘటన జరిగిన ఏడాదిలోపే.
- ఆర్టీఐ: మామూలుగా 30 రోజులు, ప్రాణానికీ స్వేచ్ఛకీ సంబంధించినదైతే 48 గంటలు. రెండోది కావాలంటే దరఖాస్తు మొదటి వాక్యంలోనే ఆ మాట రాయాలి.

అమెరికా మిత్రులు డబ్బు పంపుతామంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) నమోదు లేని సంఘం తీసుకోకూడదు. వాళ్ల దగ్గర్నుంచి ప్రశ్నల పట్టిక, సమ్మతి పత్రం నమూనా, కమిషన్ నియమావళి తీసుకోండి, వాటికి నమోదు అక్కర్లేదు.

## మొదటి మూడు నెలల పట్టిక

మొదటి నెల
- [ ] క్లియర్‌నెస్ కమిటీ అయింది
- [ ] స్థానిక పట్టు ఒక్కటే ఎంచుకున్నాం
- [ ] బాధిత సముదాయం నుంచి కనీసం ఒకరు మొదటి సమావేశంలో ఉన్నారు

రెండో నెల
- [ ] మినిట్ ఆమోదం పొందింది, అందులో స్థలం, కోరిక, బాధ్యత, గడువు ఉన్నాయి
- [ ] రెండు రికార్డు దరఖాస్తులు వెళ్లాయి, అప్పీలు తేదీలు రాసుకున్నాం
- [ ] ఆధారాల ఫైలుకు అ, ఆ, ఇ గుర్తులు వేశాం

మూడో నెల
- [ ] పాలకమండలి ముందు మూడు నిమిషాలు మాట్లాడాం, ఆ మాటలు వాళ్ల మినిట్స్‌లోకి ఎక్కాయో లేదో చూశాం
- [ ] లా క్లినిక్‌తో ఒకసారి కూర్చున్నాం
- [ ] సభకు మొదటి త్రైమాసిక నివేదిక ఇచ్చాం